అభయము - హక్కు

ఒక ప్రార్థనామందిరపు పైకప్పు కారుచుండగా, దానిని బాగుచేసికొనుటకు దేశాధ్యక్షుని సంతకము కొరకు ఏండ్ల తరబడి కాచుకొనియుండవలసి వచ్చుట వినువారికి వింతగా తోచును. ఈజిప్టు దేశపు క్రైస్తవులకు 1998వ సంవత్సరము వరకు ఇది అనుభవైకవేద్యమైన విషయము. క్రొత్త చర్చి కట్టుటకే కాదు, పాతదానికి చిన్న మరమ్మతు చేయుటకు సైతము అధ్యక్షుని ఉత్తర్వు కావలసియుండెను. ఆ నియమమునకు మూలము 1856లో ఆటోమన్ సుల్తాను వెలువరించిన ఒక శాసనము. ఆ శాసనము పుట్టినదేమో తన సామ్రాజ్యమందలి సర్వమతములవారికిని సమత్వము ప్రసాదించుటకు! సమత్వము నొసగ వచ్చిన శాసనమే నూరేండ్లకు పైగా సమత్వమునకు అడ్డుగోడయై నిలిచినది. ఈ వైచిత్రిలో ఈజిప్టు క్రైస్తవులైన కోప్టుల చరిత్రసారమంతయు ఇమిడియున్నది.

కోప్టు అను మాటకు ఈజిప్టువాడనియే అర్థము. గ్రీకులు ఆ దేశమునకు పెట్టిన పేరు అరబ్బుల నోట కిబ్త్ అయి, ఐరోపా భాషలలో కోప్ట్ అయినది. తొలుత దేశవాసులకందరకును చెల్లిన ఆ పేరు, కాలక్రమమున వారిలో క్రైస్తవులుగా మిగిలినవారికి మాత్రమే పరిమితమైనది. సువార్తికుడైన మార్కు మొదటి శతాబ్దమున అలెగ్జాండ్రియా నగరమునకు వచ్చి తమ సంఘమును స్థాపించెనని వారి విశ్వాసము. క్రైస్తవ ప్రపంచమునకు సన్న్యాసాశ్రమ పద్ధతిని నేర్పినది ఈజిప్టు ఎడారులే. వారి శకము క్రీస్తు జననముతో కాక, క్రీ.శ. 284తో, అనగా డయోక్లీషియన్ రోమక చక్రవర్తిగా సింహాసనమెక్కిన సంవత్సరముతో ఆరంభమగును. ఆ చక్రవర్తి తమవారిని హింసించిన తీరును మరువకుండుటకై వారు దానికి హతసాక్షుల శకమని పేరు పెట్టుకొనిరి. తన కాలగణనమును ఒక దుఃఖముతో మొదలుపెట్టుకొన్న జాతి, జ్ఞాపకమును ఆస్తిగా కాపాడుకొనుటలో ఆశ్చర్యము లేదు.

ఐతే ఆ జ్ఞాపకమును నిష్పాక్షికముగ తిరుగవేసి చూచినచో, కోప్టులను హింసించినవారు అన్యమతస్థులు మాత్రమే కారని తెలియగలదు. 451లో కాల్సెడాన్ మహాసభ క్రీస్తు స్వభావమును గూర్చి చేసిన నిర్ణయమును ఈజిప్టు సంఘము అంగీకరింపలేదు. అప్పటినుండి కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తులకు కోప్టులు అవిధేయులైరి. ఏడవ శతాబ్దమున చక్రవర్తి పంపిన సైరస్ అను మతాధికారి రాజబలముతో వారిని తన దారికి తెచ్చుకొన జూడగా, కోప్టుల పేట్రియార్కు బెంజమిన్ ఎగువ ఈజిప్టు ఆశ్రమములలో ఏండ్ల తరబడి తలదాచుకొనవలసి వచ్చెను. 641లో అరబ్బు సేనాని అమ్ర్ ఇబ్న్ అల్ ఆస్‌కు దేశము వశమైన పిమ్మట, ఆయన అభయపత్రము పంపి బెంజమిన్‌ను సగౌరవముగ వెనుకకు రప్పించెను. సాటి క్రైస్తవుని చేత వెడలగొట్టబడిన మతగురువు ముస్లిము సేనాని మాటపై తన పీఠమునకు మరలివచ్చెను. ఈ విషయమును కోప్టు చరిత్రకారులే వ్రాసియుంచిరి.

అమ్ర్ ఇచ్చిన ఆ అభయమే తరువాతి శతాబ్దములకు ధర్మశాస్త్రపు చట్రమైనది. ఇస్లాము రాజ్యమందు క్రైస్తవులును యూదులును జిమ్మీలు, అనగా రక్షణ పొందినవారు. వారు జిజియా పన్ను చెల్లింతురు. ప్రభుత్వము వారి ప్రాణమును, ఆస్తిని, ఆరాధనమును కాపాడును. వివాహము, వారసత్వము మున్నగు విషయములలో వారి మతన్యాయమే వారికి చెల్లును. మధ్యయుగములలో దీని విలువ తక్కువది కాదు. ఇంగ్లండు 1290లోను, స్పెయిను 1492లోను యూదులను దేశమునుండి వెళ్ళగొట్టిన సంగతి జ్ఞప్తికి తెచ్చుకొన్నచో, పరమతస్థునకు శాస్త్రసమ్మతముగ ఒక స్థానము కల్పించిన వ్యవస్థను తేలికగా తీసివేయరాదు. కాని ఆ స్థానము సమానమైన స్థానము కాదు. అభయమిచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే పీటపై కూర్చుండరు. ఇచ్చువాని మనసు మారినపుడు పుచ్చుకొన్నవాడు మొరపెట్టుకొనుటకు వేరొక చోటు లేదు. తదుపరి చరిత్ర యంతయు ఈ ఒక్క లోపమునుండి పుట్టినదే.

మొదట బాధించినది మతము కంటె పన్నుల భారము. 725 మొదలుకొని దేశములో తిరుగుబాట్లు చెలరేగెను. వానిలో కడపటిది, ఉత్తర డెల్టాలోని బష్మూర్ చిత్తడినేలలవారు లేవదీసినది, 831-32లో అణచివేయబడెను. దానిని అణచుటకు ఖలీఫా అల్ మామూన్ స్వయముగ తరలివచ్చెను. ఆ పోరాటమునందు కొన్నియెడల ముస్లిము రైతులును కోప్టులతో చేయి కలిపియుండిరని చెప్పుటచే, అందలి కలహము ఆకలికిని ఖజానాకును నడుమ జరిగినదని విశదమగును. కాని ఓటమి ఫలము మాత్రము మతముపైననే పడెను. జిజియా నుండి తప్పించుకొనుటకు మతము మార్చుకొనుట సులభమైన దారిగ కనబడి, గ్రామములకు గ్రామములు ఆ దారి పట్టినవి.

మతము మార్చుకొననివారికి మిగిలిన బలము లెక్కలు. నైలు వరద ఎంత ఎత్తు వచ్చెను, ఏ పొలము ఎంత పండెను, ఎవరు ఎంత చెల్లింపవలెను అను విద్య తరతరములుగా కోప్టు గుమాస్తాల చేతిలో ఉండెను. పాలకులు మారినను పద్దుల పుస్తకము మారలేదు. ఫాతిమీ వంశపు ఖలీఫాల కాలమున వారిలో కొందరు ఉన్నత పదవులందుకొనిరి. అదే వారికి ముప్పును తెచ్చెను. పన్ను విధించువాడు సుల్తాను, కాని గడపలో నిలిచి వసూలు చేయువాడు కోప్టు గుమాస్తా. జనుల ఆగ్రహము కంటికి కనబడువాని మీదికి పోవుట సహజము. ఆ ఆగ్రహమును చల్లార్చుటకు పాలకుడు ఆ గుమాస్తానే బలియిచ్చుటయు అంత సహజమైపోయెను.

996 నుండి 1021 వరకు ఏలిన అల్ హాకిమ్ కాలమున ఈ వ్యవస్థలోని అస్థిరత నగ్నముగ బయటపడినది. ఆయన చర్చీలను కూల్పించెను. క్రైస్తవులు మెడలో బరువైన సిలువలను వ్రేలాడదీసికొని తిరుగవలెనని ఆజ్ఞాపించెను. యెరూషలేములోని పవిత్ర సమాధి దేవాలయమును 1009లో నేలమట్టము చేయించెను. మరల తన ఏలుబడి చివరి సంవత్సరములలో, బలవంతమున మతము మార్చుకొన్నవారు తమ పూర్వమతమునకు పోవచ్చుననియు, కూలిన చర్చీలను కట్టుకొనవచ్చుననియు తానే అనుమతించెను. శిక్షించినదియు కరుణించినదియు ఒకే చేయి. రెంటికిని కారణము చెప్పవలసిన బాధ్యత ఆ చేతికి లేదు.

మమ్లూకు సుల్తానుల కాలము అంతకంటె దారుణమైనది. ఒకవైపు క్రూసేడులును, మరియొకవైపు మంగోలుల దండయాత్రలును కలిగించిన భయమునకు స్వదేశ క్రైస్తవులు వెల చెల్లింపవలసి వచ్చెను. 1301లో క్రైస్తవులు నీలి తలపాగాను, యూదులు పసుపు తలపాగాను ధరింపవలెనని శాసించిరి. 1321లో దేశమంతట అనేక చర్చీలు ధ్వంసమైనవి. 1354లో చర్చీలకు చెందిన సుమారు 25 వేల ఫెద్దానుల భూములు జప్తు చేయబడెను. పదునాలుగవ శతాబ్దము గడచునప్పటికి కోప్టులు తమ దేశమున అల్పసంఖ్యాకులై, మరల ఎన్నడును కోలుకొనని స్థితికి చేరిరి.

భాష కథయు ఇట్టిదే. కోప్టిక్ భాష ఫారోల నాటి భాషకు చివరి రూపము. గ్రీకు అక్షరములకు తన పూర్వలిపినుండి కొన్ని గుర్తులను చేర్చుకొని వ్రాయబడినది. ఎనిమిదవ శతాబ్దారంభముననే కచేరీలలో అరబ్బీ ప్రవేశించెను. పదవ శతాబ్దమున సవీరస్ ఇబ్న్ అల్ ముకఫ్ఫా అను బిషప్పు, తనవారికి కోప్టిక్ తెలియకుండబోవుట చూచి, మతగ్రంథములను అరబ్బీలో రచించెను. పండ్రెండవ శతాబ్దమున పేట్రియార్కు రెండవ గేబ్రియల్ ప్రార్థనలను ప్రజలకు అరబ్బీలో వివరింపుడని ఆచార్యులను ఆదేశించెను. పిమ్మట ఆ భాష ఇంటిని విడిచి గుడికి చేరినది. ఐనను గుడిలో మిగిలిన ఆ కొద్దిపాటి భాషయే 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియన్‌కు పురాతన చిత్రలిపి మర్మమును విప్పుటకు తోడ్పడెను. పిరమిడ్లను చూచి నేడు ప్రతి ఈజిప్టువాడును గర్వించుచున్నాడు. ఆ గర్వమునకు ఆధారమైన అక్షరజ్ఞానమును వేయేండ్లు వల్లించి కాపాడినది ఒక చిన్న సమూహపు ప్రార్థనా సంప్రదాయము. మైనారిటీని నిలుపుకొనుట మెజారిటీకి కూడ లాభమని చెప్పుటకు ఇంతకంటె నిదర్శనము వేరే అక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దమున క్రొత్త గాలి వీచినది. 1855లో సయీద్ పాషా జిజియాను రద్దు చేసెను. వెంటనే కోప్టులను సైన్యములోనికి తీసికొనుటకు ఆరంభించెను. ఆ దినములలో పేట్రియార్కుగా ఉన్న నాలుగవ సిరిల్ పాఠశాలలు నెలకొల్పి, బాలికలకు సైతము విద్య చెప్పించెను. ఐరోపానుండి ఆయన తెప్పించిన ముద్రణయంత్రము కైరోకు చేరినపుడు, చర్చి పరిచారకులు పండుగ దుస్తులు ధరించి కీర్తనలు పాడుచు దానిని ఊరేగింపుగ తీసికొనిరావలెనని ఆయన ఆదేశించెనట. అచ్చుయంత్రమునకు హారతిపట్టిన ఆ దృశ్యములో ఒక జాతి తన భవిష్యత్తును గూర్చి పెట్టుకొన్న ఆశ కనబడును. అక్షరము ద్వారా పౌరుడు కావలెనను ఆశ అది.

ఆ ఆశ తొట్రుపడకపోలేదు. ప్రధానమంత్రియైన కోప్టు, బుట్రోస్ ఘాలీ 1910లో హత్య చేయబడెను. హంతకుడు చూపిన కారణములు రాజకీయమైనవి. బ్రిటిషువారికి ఆయన తోడ్పడెనని నింద. ఐనను ఆ హత్య రెండు మతములవారి నడుమ పెద్ద అగాధమును త్రవ్వెను. మరుసటి సంవత్సరము కోప్టులు అస్యూత్ నగరమున తమ మహాసభ జరిపి కోరికలను వెల్లడింపగా, దానికి ప్రతిగా హెలియోపొలిస్‌లో వేరొక మహాసభ సమావేశమయ్యెను.

ఎనిమిదేండ్లు తిరుగకముందే ఆ అగాధము పూడిపోవుట ఈజిప్టు చరిత్రలో కెల్ల ఉజ్జ్వలమైన ఘట్టము. 1919 విప్లవమున సాద్ జగ్లూల్ వెంట కోప్టు నాయకులు నడచిరి. నెలవంకయు సిలువయు ఒకే జెండాపై ఎగిరినవి. సెర్గియస్ అను కోప్టు మతాచార్యుడు అల్ అజ్హర్ మసీదు వేదిక నెక్కి స్వాతంత్ర్య ప్రబోధము చేసెను. ముస్లిము షేకులు చర్చీలలో ప్రసంగించిరి. 1922లో బ్రిటను ఈజిప్టునకు స్వాతంత్ర్యము ప్రకటించుచు, మైనారిటీల రక్షణమును తన చేతిలోనే ఉంచుకొనెను. కోప్టు నాయకులలో అధికసంఖ్యాకులు దానిని తిరస్కరించిరి. 1923 రాజ్యాంగమును రచించునపుడు మతము ననుసరించి శాసనసభలో స్థానములు కేటాయింతుమన్నను వలదనిరి. పరాయి ప్రభువు నీడను గాని, పంచిపెట్టిన వాటాను గాని కోరక, సాటి పౌరుల విజ్ఞతపై తమ భారమును వేసిరి. 1928లో శాసనసభాధ్యక్షుడుగా ఎన్నికైన కోప్టు వీసా వాసిఫ్, 1930లో ప్రభుత్వము సభాభవన ద్వారములకు గొలుసులు వేయించగా, వానిని పగులగొట్టించి సభ్యులను లోనికి ప్రవేశపెట్టెను. ఆనాడు ఆయన కాపాడినది తన మతమును కాదు, తన దేశపు రాజ్యాంగమును.

ఆ తరమందే సలామా మూసా వంటి కోప్టు రచయిత అరబ్బీ వచనమున సామ్యవాద, విజ్ఞాన భావములను ప్రచారము చేసెను. గాంధీజీని గూర్చియు, భారత స్వాతంత్ర్యోద్యమమును గూర్చియు ఒక గ్రంథమును వ్రాసెను. తదనంతరము నోబెల్ బహుమతినందిన నగీబ్ మహ్‌ఫూజ్ తొలి రచనలకు ప్రోత్సాహము లభించినది ఆయన చేతనే. సాహిత్యమున ఎవరు ఎవరికి అభయమిచ్చినట్లు? అచ్చట అట్టి ప్రశ్నకే తావు లేకపోయెను.

1919 నాటి విశ్వాసమును తరువాతి కాలము పూర్తిగా నిలుపుకొనలేదనుట కఠోరసత్యము. 1934లో హోంశాఖ కార్యదర్శి ఒకడు చర్చి నిర్మాణమునకు పది నిబంధనలు విధించెను. సమీపమున మసీదు ఎంత దూరములో ఉన్నది, పరిసరములందలి ముస్లిములకు అభ్యంతరము కలదా, ఆ ఊరిలో క్రైస్తవులెందరు అనునవి వానిలో కొన్ని. 1952 సైనిక విప్లవమునకు నాయకులైనవారిలో కోప్టులు లేరు. నాసర్ వ్యక్తిగతముగ మతద్వేషి కాడు. కైరోలో 1968లో ప్రారంభమైన సెయింట్ మార్కు మహాదేవాలయమునకు ప్రభుత్వపక్షమున విరాళమిప్పించెను. కాని ఎన్నికలలో కోప్టులు గెలుచుట అరుదు కాగా, అధ్యక్షుడు స్వయముగ నియమించు స్థానములలో వారికి చోటిచ్చు పద్ధతి వచ్చెను. పౌరుడు మరల అభయార్థి యయ్యెను.

సాదత్ కాలమున పరిస్థితి మరింత విషమించెను. 1972లో ఖాన్కా పట్టణమున, అనుమతి లేక ప్రార్థనలు జరుపుచున్న భవనమును దుండగులు తగులబెట్టగా, శాసనసభ ఒక విచారణ సంఘమును వేసెను. చర్చి నిర్మాణ నిబంధనలే ఈ కలహములకు మూలమని, వానిని సడలింపవలెనని ఆ సంఘము స్పష్టముగ సూచించెను. ఆ నివేదిక నలుబది యేండ్లకు పైగా అటకపై పడియుండెను. 1980లో రాజ్యాంగమును సవరించి ఇస్లామిక ధర్మశాస్త్ర సూత్రములను శాసనములకు ప్రధాన మూలముగ ప్రకటించిరి. 1981 సెప్టెంబరులో సాదత్ పోపు మూడవ షెనూదాను ఎడారి ఆశ్రమమునకు పంపి, ఆయన స్థానమున ఐదుగురు బిషప్పుల సంఘమును నియమించెను. అక్టోబరు 6న సైనిక ప్రదర్శన సమయమున తీవ్రవాదులు సాదత్‌ను కాల్చిచంపినపుడు, ఆ ఐదుగురిలో ఒకరైన బిషప్పు శామ్యూల్ సైతము ఆ వేదికపైననే బలియయ్యెను. మతతీవ్రతను ఒక వైపు బుజ్జగించి, మరియొక వైపు అణచగలనను పాలకుని భ్రమకు ఇంతకంటె విషాదాంతము ఉండదు.

పిమ్మటి జాబితా సుదీర్ఘమైనది. 2000 జనవరిలో అల్ కోషే గ్రామమున సుమారు 20 మంది క్రైస్తవులు హతులైరి. 2011 నూతన సంవత్సరాది రాత్రి అలెగ్జాండ్రియాలో చర్చి ముంగిట బాంబు ప్రేలెను. అదే సంవత్సరము అక్టోబరు 9న కైరోలోని మాస్పెరో వద్ద కోప్టు ప్రదర్శకుల పైకి సైనిక వాహనములు దూసికొనివచ్చెను. 2013 ఆగస్టులో నలుబదికి పైగా చర్చీలు దాడికి గురియైనవి. 2017 ఏప్రిల్‌లో మట్టల ఆదివారమునాడు టాంటా, అలెగ్జాండ్రియా చర్చీలలో జరిగిన ప్రేలుళ్లకు నలుబదిమందికి పైగా బలియైరి. అయితే వీనితో పాటు చెప్పవలసిన సంగతి మరియొకటి కలదు. 2011లో ఆ నూతన సంవత్సరాది విస్ఫోటమునకు కొలది దినముల తరువాత కోప్టుల క్రిస్మస్ వచ్చినపుడు, వేలకొలది ముస్లిములు చర్చీలకు వెళ్ళి తమ దేహములనే కవచములుగ నిలిపిరి. ఆ నెలాఖరున ఆరంభమైన విప్లవకాలమున తహ్రీర్ మైదానమున నమాజు చేయుచున్నవారి చుట్టును కోప్టు యువకులు చేతులు కలిపి కాపలా కాచిరి. చరిత్రను ద్వేషమునకు సాక్ష్యముగ చూపగోరువారు ఈ రెండు దృశ్యములను దాటవేయుదురు. వానిని మాత్రమే చూపి గాయములను మరుగుపరచువారు కూడ సత్యద్రోహులే.

బాంబు కంటె నెమ్మదిగా, కాని లోతుగా బాధించునది వేరొకటి కలదు. గ్రామములలో కలహము జరిగినపుడు న్యాయస్థానమునకు పోనీయక, పెద్దలును పోలీసులును కలిసి రాజీసభ జరిపింతురు. పెక్కు సందర్భములలో అచ్చట దాడి చేసినవాడు చేతులు దులుపుకొని ఇంటికి పోవును. దాడికి గురియైన కుటుంబము శాంతి కొరకని ఊరు విడిచిపోవును. చూచుటకు సామరస్యమే. కాని న్యాయమును బలియిచ్చి కొన్న సామరస్యము తరువాతి కలహమునకు బయానా.

ఈజిప్టు ఇటీవల కొన్ని అడుగులు ముందుకు వేసినది. 2014 రాజ్యాంగము క్రైస్తవుల వ్యక్తిగత ధర్మమును గుర్తించి, చర్చి నిర్మాణమునకు శాసనము చేయవలెనని నిర్దేశించెను. తదనుసారముగ 2016లో 80వ సంఖ్య గల చట్టము వచ్చెను. దాని క్రింద అంతవరకు అనుమతి లేక నడచిన మూడు వేలకు పైగా చర్చీలును, వాని అనుబంధ భవనములును క్రమబద్ధమైనవి. 2022లో ఒక కోప్టు న్యాయమూర్తి అత్యున్నత రాజ్యాంగ న్యాయస్థానమునకు అధ్యక్షుడయ్యెను. ఇవి అభినందనీయములు. కాని మసీదునకు ఒక చట్టము, చర్చికి వేరొక చట్టము ఉన్నంతకాలము, గవర్నరు సంతకము ఆ ఊరి ముఖములు చూచి పడునంతకాలము, పాత వ్యవస్థ తన పేరు మార్చుకొన్నదనియే చెప్పవలసియుండును. సర్వమతముల ప్రార్థనాస్థలములకును ఒకే చట్టము కావలెనని ఆ దేశమునందలి ఆలోచనాపరులు, వారిలో ముస్లిములు పలువురు, చిరకాలముగ కోరుచునే యున్నారు.

బహా తాహిర్ అను ముస్లిము రచయిత 1991లో ప్రకటించిన ఒక నవలలో, పగవాని కత్తినుండి తప్పించుకొన్న ముస్లిము యువకునికి ఎగువ ఈజిప్టులోని క్రైస్తవ ఆశ్రమము ఆశ్రయమిచ్చును. పదునాలుగు శతాబ్దములు అభయము కోరినవారే అభయమిచ్చువారైన ఆ కథలో, తన దేశమునందు రెండు మతముల నడుమ ఉండదగిన సంబంధమును రచయిత కన్నట్లు తోచును. అమ్ర్ నాడు బెంజమిన్‌నకు ఇచ్చిన పత్రము గొప్పది. ఆనాటికి అది చాలును. నేటి పౌరునకు అది చాలదు. కారుచున్న పైకప్పును బాగుచేసికొనుటకు ఎవరి కరుణయు అక్కరలేని దినమున కోప్టులకు వారి పేరు తిరిగి లభించును. ఆ పేరునకు మొదటినుండియు ఈజిప్టువాడనియే గదా అర్థము!